తుమ్ములో వచ్చిన పెళ్ళి సర్టిఫికెట్టు

"క్వార్టరు మనకే వచ్చేసింది!" అని మా ఆయన ఫోన్లో అరిచిన సమయానికి నేను ఆఫీసు బల్ల కింద మోకాళ్ళ మీద ఉన్నాను.

పక్కనే కంప్యూటరు పెట్టె విప్పుకుని కూర్చున్న ఫణికి నా ఫోను టార్చి చూపిస్తున్నాను. జిల్లా నుంచి మా ఆఫీసుకి కొత్త డిస్కు, కొత్త మెమరీ చిప్పులు వచ్చాయి. వాటిని బిగించడానికి కంపెనీ పంపిన ఇంజినీరు అతను. ఫోను చెవి దగ్గర పెట్టుకోగానే వెలుగంతా గోడ మీద బల్లికి పోయింది.

"మేడమ్, స్క్రూ కనబడట్లేదండి."

"ఉండవయ్యా, నాకు ఇల్లొచ్చింది," అన్నాను అతనితో. ఆ తర్వాత ఫోన్లోకి, "ఎన్ని గదులు?" అన్నాను.

"రెండు. వంటింటి కిటికీలోంచి డ్యాము నీళ్ళు కనిపిస్తాయి."

"కిటికీకి రెక్కలున్నాయా?"

"ఒక రెక్క ఉంది. రెండోది కోతులు పీక్కెళ్ళాయిట."

ఒంటి రెక్క కిటికీ! అంతకన్నా అందమైన కిటికీ గురించి నేను విననైనా లేదు. రెక్క లేని వైపు ఏ రంగు తెర కట్టాలో బల్ల కిందే నిర్ణయించేశాను. పసుపు.

మాకు పెళ్ళయి ఇంకా నెలన్నర కాలేదు. మా ఆయన శశికిరణ్ కొండల్లో ఉన్న జలవిద్యుత్ కేంద్రంలో ఇంజినీరు. నేను గోపన్నపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. నాకు ఆ కొండ ఊరికి బదిలీ అయితే ఖరారైంది గానీ, ఉండటానికి ఇల్లు లేక ఆయన బ్యాచిలర్ల గదిలోనూ, నేను మా అమ్మ దగ్గరా ఉంటూ కాపురం చేస్తున్నాం. ఆదివారం కాపురం. ఆదివారం పొద్దున్న ఆయన బస్సు దిగుతారు. మా అమ్మ ఆయనకి వడ్డించడం అయ్యేసరికి తిరుగు బస్సు వేళవుతుంది.

"ఒక్కటే షరతు," అన్నారాయన. "శనివారం సాయంత్రంలోగా మ్యారేజి సర్టిఫికెట్టు ఇవ్వాలి. లేదంటే మన వెనకాల స్టోర్‌కీపరు దంపతులున్నారు. ఆవిడ అప్పుడే వచ్చి కిటికీ కొలతలు తీసుకుందిట."

"నా కిటికీ కొలతలా!"

"మరి తొందరగా తెచ్చెయ్. మీ ఆఫీసులో పనేగా."

"మా ఆఫీసులో పని కాబట్టే భయంగా ఉంది," అన్నాను.

ఆ భయం ఎందుకో చెప్పాలంటే పాత డిస్కు సంగతి చెప్పాలి. మా ఆఫీసు కంప్యూటర్లో మొన్నటిదాకా ఉన్న డిస్కు ఒక తిరగలి. పొద్దున్న తాళం తీయగానే మీట నొక్కి, దేవుడి పటానికి దండ వేసి, ఊడ్పించి, ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని, బిల్లు గురించి దెబ్బలాడి వచ్చినా తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉండేది. ఎవరైనా కాగితం అడిగితే లోపల గరగరమంటూ విసరడం మొదలయ్యేది. మధ్యలో కాసేపు ఆగేది. పిండి ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది. మళ్ళీ గరగర. బయట వరండాలో జనం బెంచీల మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ, "ఆ, మన పని జరుగుతోంది," అనుకుని తృప్తిగా కునుకు తీసేవారు.

నా మటుకు నాకు ఆ డిస్కు మీద గౌరవమే. మా సంబంధం కుదిర్చిన పెద్ద అదే. ఒకరోజు శశికిరణ్ వాళ్ళ నాన్నగారి స్థలానికి ఈసీ, అంటే దాని మీద తాకట్టులేవీ లేవనే కాగితం, కావాలని వచ్చారు. నేను పేరడిగాను, రూలు ప్రకారం. ఊరడిగాను, అదీ రూలు ప్రకారమే. ఆ తర్వాత రూలు ప్రకారం అడగవలసింది ఏమీ మిగల్లేదు. డిస్కు మాత్రం తిరుగుతూనే ఉంది. మర్యాద కోసం ఆయన ఏదో అడిగారు, మర్యాద కోసం నేనేదో చెప్పాను. ఆయన జేబులోంచి వేరుశనగ చిక్కీ తీసి సగం విరిచి ఇచ్చారు. ఈసీ తెర మీదకి వచ్చేసరికి ఆయనకి వంకాయ పడదని నాకూ, నాకు కప్పలంటే భయమని ఆయనకీ తెలిసిపోయింది. ఇంక పెళ్ళి చేసుకోకపోతే బాగుండదు.

అలా కుదిరిన పెళ్ళికి సర్టిఫికెట్టు మాత్రం ఆ డిస్కు ఇవ్వలేకపోయింది. అర్జీ పెట్టాం, సాక్షులు సంతకాలు చేశారు, అన్నీ సక్రమంగా పూర్తయ్యాయి. ఇక మిగిలింది ప్రింటు తీయడం. అక్కడే పెళ్ళినాటి నుంచీ విసురుతోంది.

ఫణి పెట్టె మూత బిగించి లేచాడు. "నొక్కండి మేడమ్. మొదటి బోణీ మీదే."

మా సబ్ రిజిస్ట్రారు రామలింగస్వామి గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. సీనియర్ అసిస్టెంటు అచ్యుతాంబ గారు కళ్ళజోడు తుడుచుకుని నా వెనక నిలబడ్డారు. నేను మా అర్జీ నంబరు కొట్టి మీట నొక్కాను. సరిగ్గా అప్పుడే రామలింగస్వామి గారు తుమ్మారు. ఆయనకి పడిశం నిత్యం ఉండేదే.

"ఆగు మృదులా!" అన్నారు అచ్యుతాంబ గారు. "ఒంటి తుమ్ము. శుభమా అని పెళ్ళి కాగితం తీస్తూ ఏమిటది? కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు నొక్కు."

అప్పటికే ప్రింటరు పళ్ళెంలో సర్టిఫికెట్టు వేడివేడిగా పడి ఉంది.

"అమ్మాయ్, నువ్వు ఆగినా అది ఆగలేదే!" అన్నారావిడ.

రామలింగస్వామి గారు చేతిరుమాలు మడిచి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. ఆ సంతకం ఆరేలోపు నేను మనసులో ఒంటి రెక్క కిటికీ ముందు ఉల్లిపాయలు తరుగుతున్నాను.

*

ఆ మధ్యాహ్నానికి మా వరండా ఖాళీ అయిపోయింది. గోపన్నపేట చరిత్రలో అలాంటిది జరగలేదు. జనం మాత్రం సంతోషించలేదు. కాగితం తీసుకుని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకాయన వాసన చూశాడు.

సత్తియ్య తాత అయితే తీసుకోనే లేదు. ఆయనకి పెళ్ళయి యాభై ఏళ్ళు దాటింది. పింఛనులో భార్య పేరు చేర్చడానికి ఇప్పుడు సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. ఇంటి దగ్గర నుంచి దిండు కూడా తెచ్చుకున్నాడు.

"తాతా, ఇదుగో అయిపోయింది," అన్నాను.

"ఏంటయిపోయేది? నేనింకా కూకోనే లేదు."

"కూర్చోనక్కర్లేదు తాతా. కొత్త మిషను."

"ఏం కొత్త మిషనమ్మా. యాభై యేళ్ళ కాపరం సేస్తే, సిటికేసినట్టు కాయితం ఇత్తావా? మా ఆవిడేం నమ్ముద్ది? యాడో కొనుక్కొచ్చాననుకోదూ?" అని దిండు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పాత డిస్కు రోజుల్లో పనులు చేయించుకున్నవాళ్ళకి ఇంకో బాధ. "మేం అన్నాళ్ళు కూర్చున్నాం కదా, వీళ్ళదేం గొప్పని వెంటనే ఇచ్చారు?" అని హోటల్లో చర్చ మొదలైంది. రెండో రోజుకల్లా జిల్లాకి ఆకాశరామన్న అర్జీ వెళ్ళింది. 'గోపన్నపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనులు వెంటనే అయిపోతున్నాయి. దీని వెనక ఏమున్నదో ఏలినవారు విచారించవలెను.'

మూడో రోజు పొద్దున్న విజిలెన్సు విచారణాధికారి భీమేశ్వరరావు గారు జీపు దిగారు. కుర్చీ తుడిపించి, తుడిచిన గుడ్డ వాసన చూసి కూర్చున్నారు.

"నేను వ్యక్తుల్ని అనుమానించను," అన్నారు ఉపోద్ఘాతంగా. "వేగాన్ని అనుమానిస్తాను. మా శాఖ సర్క్యులరు స్పష్టంగా ఉంది. దస్త్రము తన సహజ వేగమును మించి కదలినచో, దానిని కదిలించిన హస్తము ఒకటి కలదని భావించవలెను. ఈ కార్యాలయంలో అలా కదిలిన మొదటి దస్త్రం ఏది?"

అందరూ నా వైపు చూశారు.

"నా పెళ్ళి సర్టిఫికెట్టండి," అన్నాను.

"అంటే ఉద్యోగి సొంత పని. అదీ మొదటి వేటులోనే. ఎంతసేపట్లో వచ్చింది?"

గడియారం ఎవరు చూశారు? రామలింగస్వామి గారు గొంతు సవరించుకుని, "నేను ఒక తుమ్ము తుమ్మేలోపు వచ్చిందండి," అని ఉన్నమాట చెప్పేశారు.

భీమేశ్వరరావు గారు కలం ఆపారు. "తుమ్ము ప్రామాణిక కొలమానం కాదు. ప్రదర్శించండి."

అధికారి ఆజ్ఞాపిస్తే రామలింగస్వామి గారు ఏదైనా చేస్తారు. తుమ్ము మాత్రం రాలేదు. కిటికీ దగ్గర ఎండలోకి చూశారు, ముక్కు నలుపుకున్నారు, ఫైళ్ళ దుమ్ము దులిపించుకున్నారు. నిత్యం వచ్చే తుమ్ము ప్రభుత్వానికి అవసరమైన రోజున రాలేదు. చివరికి సత్తియ్య తాత దగ్గర నస్యం ఉంటుందని గుర్తొచ్చి ఇంటికి కబురు పెట్టాం. ఆయన నస్యం డబ్బాతో, దిండుతో సహా దిగాడు, "ఇయ్యాల కూకోనిత్తారా?" అంటూ.

నస్యం పని చేసింది. రామలింగస్వామి గారు "హా...ఆ...ఆ..." అని చాలాసేపు తల పైకెత్తి, ఆ తర్వాత "చ్చీ" అన్నారు.

"ఆ రోజు కాగితం 'హా' దగ్గర మొదలై వచ్చిందా, కేవలం 'చ్చీ'లో వచ్చిందా?" అని అడిగారు భీమేశ్వరరావు గారు.

"కేవలం 'చ్చీ'లోనేనండి," అన్నారు అచ్యుతాంబ గారు. "'హా' అన్నప్పుడు ఈ పిల్ల ఇంకా నంబరు కొడుతోంది."

'ఒక తుమ్ము, ఉత్తరార్ధము మాత్రమే' అని ఆయన రాసుకున్నారు. పోస్టులో పోతుందేమోనని నా సొరుగులోనే దాచుకున్న సర్టిఫికెట్టుని కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, పైన 'సాక్ష్యము ఒకటి' అని రాయించారు. లక్క బొట్టు పడుతున్నప్పుడు నాకు స్టోర్‌కీపరు గారి భార్య టేపుతో కిటికీ కొలుస్తూ కనిపించింది.

*

మర్నాడు ఫణిని పిలిపించారు. ఫణికి తను బిగించే సరుకంటే తగని మురిపెం. ఎవరడిగినా వంటింటి భాషలో కూడా అర్థమయ్యేలా చెప్పేస్తాడు. అదే మా కొంప ముంచింది.

"పాతదాంట్లో పళ్ళెం తిరిగేదండి," అన్నాడు హుషారుగా. "సూది లాంటి చెయ్యి ఒకటి అటూ ఇటూ పరిగెత్తి వెతుక్కునేది. ఇందులో తిరిగేదీ లేదు, పరిగెత్తేదీ లేదు. అన్నీ చిప్పులే. అడగ్గానే ఇచ్చేస్తుందండి."

"లోపల ఏమీ కదలదా?"

"ఏమీ కదలదండి."

"చప్పుడు?"

"అసలుండదండి!"

"ఏమీ కదలకుండా, చప్పుడు లేకుండా పని జరిగిందంటే ఎవరు నమ్మాలి?" అన్నారు భీమేశ్వరరావు గారు. "ఈ ప్రభుత్వంలో పని జరగడమే కాదయ్యా, జరుగుతున్నట్టు వినిపించాలి. సరే. ఎవరడిగినా ఇచ్చేస్తుందా?"

"ఎవరడిగినానండి."

"అడిగింది అటెండరా, కలెక్టరా అని చూడదా?"

"దానికి తెలీదండి."

'అధికార శ్రేణి యెడల అవగాహన శూన్యము' అని రాసుకున్నారు. "మరి అన్ని కాగితాలూ ఒకే వేగంతో ఇస్తుందా?"

ఇక్కడ ఫణి అవునని ఊరుకుంటే సరిపోయేది. "లేదండీ, అక్కడే ఉందండి తమాషా!" అన్నాడు. "చిప్పు పక్కనే చిన్న అర ఉంటుంది. మాటిమాటికీ అడిగేవన్నీ అందులో పెట్టుకుంటుంది. ఎప్పుడో అడిగేవి దూరంగా ఉంటాయి. మీ ఇంట్లో పోపులపెట్టె పొయ్యి పక్కన పెట్టుకుని, ఊరగాయ జాడీ అటక మీద పెట్టరాండి? అలాగన్నమాట. అందుకే అంత స్పీడు."

"అంటే," అని ఆయన కళ్ళజోడు తీశారు, "మాటిమాటికీ వచ్చి విసిగించేవాడి కాగితం దగ్గర పెట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి ఒక్కసారీ నోరు మెదపని పౌరుడి కాగితం అటకెక్కిస్తుంది."

"అలా కాదండీ..."

"పోపులపెట్టె పౌరులు, అటక పౌరులు అని రెండు జాతులుగా విభజించింది. అంతేనా?"

"అబ్బ, పోలిక చెప్పానండీ!"

'పక్షపాతము. యంత్రము తరఫు సాక్షియే ఒప్పుకొన్నాడు' అని రాసుకున్నారు. "మెమరీ పెంచారట. అదెందుకు?"

ఫణి మళ్ళీ వెలిగిపోయాడు. "మెమరీ అంటే బల్ల లాంటిదండి. బల్ల పెద్దదైతే కావలసిన కాగితాలన్నీ పరుచుకుని చకచకా చేసుకోవచ్చు. చిన్నదైతే ప్రతిదానికీ లేచి బీరువా దాకా వెళ్ళిరావాలి. పాతదానికి పీటంత బల్లండి. ఇప్పుడు పెళ్ళిపందిరంత ఇచ్చాను."

"సాయంత్రం కంప్యూటరు ఆపేస్తే ఆ బల్ల మీదవి ఏమవుతాయి?"

అచ్యుతాంబ గారు ఫణి కాలు తొక్కారు. అతనికి అర్థం కాలేదు.

"పోతాయండి."

అచ్యుతాంబ గారు నుదురు కొట్టుకున్నారు.

"పోతాయంటే?"

"తుడిచిపెట్టుకుపోతాయండి. పొద్దున్నకి శుభ్రమైన బల్ల. కావలసినవి ముందే డిస్కులో దాచేసుకుంటుంది కాబట్టి మనకేం..."

"రోజూ సాయంత్రం," అన్నారు భీమేశ్వరరావు గారు నెమ్మదిగా, ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు, "కార్యాలయం మూసే వేళకి, క్రమం తప్పకుండా, సాక్ష్యాధారాలు ధ్వంసం చేస్తుంది."

వెంటనే తాత్కాలిక ఉత్తర్వులు వెలువడ్డాయి. పోపులపెట్టె అర మూసేయాలి. కాగితాలన్నిటినీ సమానంగా దూరం నుంచే తేవాలి. పెళ్ళిపందిరి బల్ల తీసేసి మళ్ళీ పీట వేయాలి. ఫణి దాదాపు ఏడుస్తూ చిప్పులు ఊడబీకాడు. అంతా అయ్యాక ఒక ఈసీ తీసి చూశారు. రామలింగస్వామి గారు నస్యంతో సిద్ధంగా ఉన్నారు. ఈసారి రెండు తుమ్ములు పట్టింది.

"ఇంకా అనుమానాస్పదమే," అన్నారు భీమేశ్వరరావు గారు. "దీనికి సంస్కారంలోనే లోపముంది. చార్జిమెమో ఇవ్వండి."

మెమో తయారైంది. 'సదరు యంత్రము తన సంజాయిషీని లిఖితపూర్వకముగా సమర్పించవలెను.' రామలింగస్వామి గారు దాని ముందు నిలబడి రెండుసార్లు చదివి వినిపించారు. అందినట్టు సంతకం చేయమన్నారు. చేయలేదు. అచ్యుతాంబ గారినీ నన్నూ సాక్షులుగా పెట్టి, నిరాకరించినట్టు నమోదు చేసి, నిబంధనల ప్రకారం మెమోని దాని ముఖానికే జిగురుతో అంటించారు. తెర మొత్తం కప్పుకుపోయింది.

"ఇప్పుడిది జవాబు రాసినా మనకి కనపడదు కదండీ," అన్నాను.

"అది దాని ఇబ్బంది," అన్నారు రామలింగస్వామి గారు.

ఆ పైన సస్పెన్షను. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇవ్వాలని రూలు. కంప్యూటరుకి జీతం లేదు కాబట్టి సగం కరెంటు ఇవ్వాలని తేలింది. ఫణి వద్దు వద్దంటున్నా ఎలక్ట్రీషియను ఎక్కడి నుంచో ఒక పెట్టె తెచ్చి తగిలించాడు. కంప్యూటరు దీపం ఒకసారి మినుకుమని ఆరిపోయింది.

"చూశారా, పని మానేసింది," అన్నారు భీమేశ్వరరావు గారు, మొదటిసారి మెచ్చుకోలుగా. "సస్పెన్షనులో ఉన్నవారు పని చేయరాదు. కనీసం ఈ రూలైనా తెలుసు."

*

మధ్యాహ్నం ఫోను మోగింది. మా ఆయనకి అక్కడ సిగ్నలు నీళ్ళ ట్యాంకు మెట్ల మీద తప్ప అందదు. రొప్పుతూ మాట్లాడారు.

"స్టోర్‌కీపరు గారి భార్య ఇవాళ చీపురు తెచ్చి మన వరండా ఊడ్చి వెళ్ళింది."

"ఊడ్చిందా? ముగ్గేమైనా వేసిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఫరవాలేదు. ముగ్గు వేసేస్తే మాత్రం ఇల్లు పోయినట్టే," అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ ఆయన నమ్మలేదు.

"పోనీలే మృదులా. ఇంకో క్వార్టరు ఎప్పుడో వస్తుంది."

"ఎప్పుడో వద్దండీ. నాకా ఒంటి రెక్కదే కావాలి," అని పెట్టేసి, నేరుగా భీమేశ్వరరావు గారి ముందుకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన జీపు ఎక్కడానికి సంచీ సర్దుకుంటున్నారు.

"సార్, మా సర్టిఫికెట్టు ఇచ్చేయండి. శనివారంలోగా ఇవ్వకపోతే మాకు ఇల్లు రాదు."

"అది సాక్ష్యమమ్మా."

"అందులో తప్పేముందండీ?"

"తప్పేమీ లేదు. వివాహం యథార్థం. సంతకం యథార్థం. ముద్ర యథార్థం. అది మీ చేతికి వచ్చిన వేగం మాత్రం అక్రమం. నిరీక్షణ లేకుండా పొందినది పొందినట్టు కాదు."

అచ్యుతాంబ గారు అంతసేపూ పక్క బల్ల మీద ఫైళ్ళు కడుతున్నారు. నాడా ఫట్టున బిగించి తలెత్తారు. ఆవిడకి రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి నోటికి జంకు లేదు.

"అయితే సార్, ఆ రోజు కూర్చోవలసినసేపు కూర్చోలేదనేగా మీ బాధంతా? ఆ కూర్చోవడమేదో ఇప్పుడు కూర్చుంటే సరి. మొగుడూ పెళ్ళాల్ని తీసుకొచ్చి రోజంతా ఆ బెంచీ మీద కుదెయ్యండి. కాగితానికి పట్టిన తొందర దిగిపోతుంది!"

వెటకారానికి అన్నారావిడ. నేనైతే ఇక అంతా అయిపోయిందనుకున్నాను. భీమేశ్వరరావు గారు సంచీ కింద పెట్టారు.

"మళ్ళీ చెప్పండి," అన్నారు.

"అబ్బే, ఏదో నోరు జారి..."

"లేదు లేదు. చెప్పండి. రాసుకుంటాను."

ఆయన ముఖంలో ఆ వెలుగు ఏ కొత్త డిస్కూ తేలేదు. కుర్చీ తుడిపించకుండానే కూర్చుని, గదిలో అటూ ఇటూ చూస్తూ రామలింగస్వామి గారికి చెప్పి రాయించారు. 'యంత్రము యొక్క అనుచిత వేగము వలన పౌరులు ఎగవేసిన నిరీక్షణను బకాయిగా పరిగణించి, అట్టి బకాయిని వారి నుండి పూర్తిగా రాబట్టవలెను. ఇందు నిమిత్తము పాత డిస్కును పునర్నియమించి, పౌరుల సమక్షమున ఆఫీసు వేళలన్నిటా తిప్పవలెను. నిరీక్షణ ముగిసిన పిమ్మట పత్రములు సక్రమ వేగమున జారీ అయినట్లు భావించి, అదే సాయంత్రము అందజేయవలెను.'

"సార్, ఆ డిస్కులోంచి ఏం తీయాలండి?" అని అడిగారు రామలింగస్వామి గారు.

"ఏమీ తీయనక్కర్లేదు. తిరిగితే చాలు."

"మరి కొత్తదానికి సస్పెన్షను ఎప్పటిదాకానండి?"

"దాని సంజాయిషీ అందేదాకా," అని ఆయన జీపెక్కారు.

సామాన్ల గదిలోంచి పాత డిస్కుని తెచ్చారు. ఫణి దాన్ని ఓ పాత పెట్టెలో బిగించాడు. శత్రువుకి మజ్జిగ ఇస్తున్నట్టు ఉంది అతని ముఖం. మీట నొక్కగానే లోపల గరగర మొదలైంది. వరండాలో సత్తియ్య తాత దిండు మీద నుంచి తలెత్తి చెవి రిక్కించాడు.

"ఆ! ఇదీ ఆపీసంటే," అన్నాడు. "రేపు మా ఆవిణ్ణి కూడా తీసుకొత్తా. ఈ గరగర ఇంటే తప్ప నమ్మదు."

నేను ఫోను చేస్తే మా ఆయన మెట్ల మీదే ఉన్నారు. దిగాలుగా అక్కడే కూర్చుండిపోయారట. జరిగిందంతా చెప్పాను.



"అంటే రేపు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మనిద్దరం ఒకే బెంచీ మీద?"

"రూలు ప్రకారం."

"మీ అమ్మగారు వడ్డించకుండా?"

"పౌరులు మాత్రమే కూర్చోవాలిట. అత్తగార్ల ప్రస్తావన లేదు."

"మధ్యలో లేస్తే?"

"బకాయి మిగిలిపోతుంది. మళ్ళీ ఇంకో రోజు కూర్చోవాలి."

"అయితే ఒకసారి లేద్దామా?"

"చాల్లెండి! ఎల్లుండి సాయంత్రంలోగా కాగితం అక్కడ ఇవ్వాలి. ఆవిడ చీపురుతో తిరుగుతోంది, గుర్తుందా?" అన్నాను. "కదలకుండా కూర్చోవాలి. కబుర్లు మాత్రం ఎన్నైనా చెప్పుకోవచ్చు. దాని మీద నిషేధం రాయలేదు, నేను చూశాను."

"పెళ్ళయ్యాక మనిద్దరం రోజంతా ఒక్కచోట కూర్చోవడం ఇదే మొదటిసారి కదూ?"

"అందుకే చెప్తున్నా, ఆలస్యం చేయకండి. చిక్కీ మర్చిపోకండి."

సాయంత్రం రామలింగస్వామి గారు వరండాలో బల్లెక్కి ప్రకటన చదివారు. రేపు ఉదయం తాళం తీసిన క్షణం నుంచీ సామూహిక నిరీక్షణ. తొందరగా పనులు అయిపోయిన పౌరులందరూ విధిగా హాజరు కావాలి. దంపతులైతే జంటగా రావాలి. దిండ్లు అనుమతించబడును.

రేపు మొదటి బస్సుకి మా ఆయన దిగుతారు. పులిహోర నేను కలుపుతాను. ఫ్యాను గాలి తగిలే బెంచీ ఒక్కటే ఉంది కాబట్టి, సత్తియ్య తాత రాకముందే దాని మీద నా చేతిరుమాలు పరిచి రావాలి. రేపు తుమ్మకుండా రామలింగస్వామి గారికి అచ్యుతాంబ గారు ఇప్పటికే పడిశం మాత్ర వేయించారు. ఇక ఫణి ఒక్కడితోనే జాగ్రత్తగా ఉండాలి. పాత డిస్కుని చూస్తుంటే చెయ్యి దురద పెడుతోందని, కాస్త సవరిస్తే పరిగెత్తుతుందని రెండుసార్లు అన్నాడు. రేపు సాయంత్రం దాకా అతన్ని ఆ ఛాయలకి రానివ్వను. స్క్రూడ్రైవరు నా హ్యాండుబ్యాగులో దాచేశాను.